పేరెత్తని మేలు

ఫ్లాగ్‌స్టాఫ్
నవంబరు 3, 1997

చిన్నమ్మా,

గొర్రెలు బాగున్నాయా? కిందటిసారి వాటి క్షేమం అడగలేదని నువ్వు అలిగావని నీ కూతురు వెర్నీస్ చెప్పింది. అందుకని ఈసారి ముందు వాటినే అడుగుతున్నాను. ఇప్పుడు చెప్పు, నువ్వెలా ఉన్నావు?

నీతో ఒక పని పడింది. నేను పనిచేసే అచ్చాఫీసుకి మన తెగ రెల్లుచెలమ సంఘం వాళ్ళు ఒక చిన్న పుస్తకం పని ఇచ్చారు. ఈ ఏడాది మన దగ్గర పోయిన పెద్దల్ని తలుచుకుంటూ వేసే పుస్తకం. "నువ్వు మన పిల్లవే కదా" అంటూ రాసే పని కూడా నా నెత్తినే పెట్టారు. మన పిల్లనే గానీ, పదేళ్ళకే అమ్మ నన్ను పట్నం తీసుకొచ్చేసింది. ఆ పెద్దల మొహాలు కూడా నాకు సరిగా గుర్తులేవు.

కార్యదర్శి ఇచ్చిన జాబితాలో మూడు పేర్లున్నాయి. బడి బస్సు నడిపిన విల్హెల్మీనా టొహానీ, ఆసుపత్రిలో దుబాసీగా ఉన్న రాయల్ డెషేనీ, సంఘం నీళ్ళ ట్యాంకరు నడిపిన వాలస్ క్లా. ఒక్కొక్కరి తల్లి వంశం, తండ్రి వంశం, పుట్టిన ఏడు, ఎంతమంది పిల్లలు, ఇంతే పంపారు. ఇందులో మనిషి ఎక్కడున్నాడు? వాళ్ళు ఎవరికేం చేశారో డెబ్బై ఏళ్ళుగా అక్కడే ఉన్న నువ్వే చెప్పాలి. వాళ్ళ పిల్లలు ఈ పుస్తకాన్ని దాచుకుంటారు. తప్పు రాశానంటే నేను మళ్ళీ ఆ దారిన మొహం చూపించలేను.

నువ్వే దిక్కని నమ్ముకున్న
లొరిండా

*

రెల్లుచెలమ
నవంబరు 14

నా బిడ్డా,

గొర్రెలు బాగున్నాయి. వాటి తర్వాతే అయినా నన్నూ అడిగావు కాబట్టి నేనూ బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం టపా వచ్చే కొట్టు దగ్గరే నిలబడి విప్పాను. విప్పీ విప్పగానే పోయినవాళ్ళ పేర్లు మూడూ వరసగా కనిపించాయి. బొటనవేలు అడ్డం పెట్టుకుని మిగతాది చదివాను. పేరెట్టి పిలిస్తే వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారనీ, వెళ్ళే దారిలో ఆగిపోతారనీ మీ అమ్మ నీకు చెప్పలేదా, చెప్పినా నువ్వు వినలేదా? నాలుగు రోజులు ఏడుస్తాం, ఆ తర్వాత వెళ్ళనిస్తాం. పుస్తకంలో పేర్లు వేయడం మీ కాగితాలవాళ్ళ పని. నా ఉత్తరంలో మాత్రం పేర్లుండవు. వాళ్ళు చేసిన మంచి చెప్తాను, అది ఎవరిదో నువ్వు చూసుకో.

బస్సావిడ ఇరవైతొమ్మిదేళ్ళు నడిపింది. వాన పడితే మన రోడ్డు ఉండదని నీకు తెలుసు కదా. పార, దుప్పట్లు, ఒక మూట ఉర్లగడ్డలు లేకుండా ఆవిడ బండి కదిలేది కాదు. ఉర్లగడ్డల్ని రేకుకాగితంలో చుట్టి ఇంజను పక్కన పెట్టేది. బడికి చేరేలోగా అవి ఉడికిపోయేవి, దిగేటప్పుడు పిల్లకొకటి ఇచ్చేది. ముందు చేతులు కాచుకోవడానికి, తర్వాత తినడానికి. రోడ్డు మీదికి రాని పిల్లల కోసం ఇంటికే నడిచి వచ్చేది. "పిల్ల లేవకపోతే మీ అమ్మని ఎక్కించుకుపోతా, నాకు సీటు నిండితే చాలు" అనేది. మా వెర్నీస్ ఒకసారి తల్లి చచ్చిన గొర్రెపిల్లని వదిలి రానని మొండికేస్తే, గొర్రెపిల్లతో సహా ఎక్కించుకుంది. అది సాయంత్రం దాకా టీచరు బల్ల కింద పడుకుందట. ఇవాళ మా వెర్నీస్ నాలుగు ముక్కలు రాయగలుగుతోందంటే అది ఆవిడ చలవే.

ఇక ఆసుపత్రి ఆయన. డాక్టరు మాటల్ని మన మాటల్లోకి తెచ్చేవాడు. వెళ్ళగానే ముందు నీ వంశం అడిగేవాడు, చివరికి ఎటుతిప్పి ఎటైనా చుట్టం అయిపోయేవాడు. మా ఆయన జబ్బు సంగతి డాక్టరు రెండు ముక్కల్లో చెప్పాడు. దాన్ని ఈయన చాలాసేపు చెప్పాడు. ఇలాంటి జబ్బు వచ్చిన ఒకాయన ఉండేవాడట, అతను ఏ గుర్రం ఎవరికివ్వాలో, ఎవరితో రాజీ పడాలో ముందే చూసుకున్నాడట, అంటూ ఎక్కడా నీకు చావొస్తుందనే మాట లేకుండా చెప్పాడు. ఇంతసేపు ఏం చెప్పావని డాక్టరు అడిగితే, "మీరు చెప్పిందే. కూచోబెట్టి చెప్పాను" అన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి అన్నీ సర్దుకుని, మనసులో ఏ బాధా లేకుండా వెళ్ళాడు. దానికి నేను ఆయనకి ఒక దుప్పటి నేసిచ్చాను. అది చాలదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కొట్టు మూసేస్తున్నారు. చలికి మందపాటి మేజోళ్ళు వేసుకో.
నీ చిన్నమ్మ ఆల్టా

*

ఫ్లాగ్‌స్టాఫ్
నవంబరు 24

చిన్నమ్మా,

పేర్ల విషయంలో తప్పయిపోయింది. ఇక నా ఉత్తరాలు చదవడానికి నీ బొటనవేలు అక్కర్లేదు.

ఉర్లగడ్డల సంగతి మా మేనేజరుకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దుబాసీ గారి పేజీకి "కూచోబెట్టి చెప్పాను" అనే మాటే తలకట్టుగా పెట్టాను. ఇంకొకరే మిగిలారు, నీళ్ళాయన. ఆయన గురించి ఎవర్ని అడిగినా "ఆ, ఉండేవాడు" అని ఊరుకుంటున్నారు. నువ్వు కూడా అలా అనకు. పుస్తకం డిసెంబరు ఆఖరుకి అచ్చవ్వాలి.

నీ చూపు మసకబారిందని వెర్నీస్ ఫోన్లో అంది. నాకు చెప్పలేదేం?

దిగులుపడుతున్న
లొరిండా

*

రెల్లుచెలమ
డిసెంబరు 5

నా బిడ్డా,

కంట్లో పొర పెరిగిందట. కోసి తీస్తారట, రోజు ఇంకా ఇవ్వలేదు. కొట్టు దగ్గర ముసలమ్మలు మాత్రం అల్లుణ్ణి దొంగచాటుగా చూసుంటాను, అందుకే కళ్ళు పోతున్నాయని ఏడిపిస్తున్నారు. వాళ్ళలో ఒకామెకి రెండు కళ్ళూ మసకే, ఆమెకేమో నలుగురు అల్లుళ్ళు. నేను ఆ మాటే అన్నాను. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఈ మసకలోనే ఒక సంగతి రాస్తున్నాను, ఇది తప్పకుండా అచ్చు వేయి. నీళ్ళ సంగతి. పదకొండేళ్ళుగా నా వాకిట్లో మూడు పీపాలు ఒక్క రోజు కూడా ఎండలేదు. తుప్పు వాసన వస్తోందని ఒకసారి ఎవరితోనో అన్నాను. ఆ మాట ఎలా చేరిందో గానీ, మరుసటి వారం నుంచి పీపా మూతికి పిండి సంచి గుడ్డ కట్టి ఉంది, నీళ్ళు వడగట్టి పోశాడు. గాలికి మూత ఎగరకుండా దాని మీద బల్లపరుపు రాయి పెట్టాడు. పెద్ద మంచు పడిన ఏడు బండి దిగబడితే, బకెట్లతో మోసి కట్టెల కుప్ప పక్కన పెట్టి వెళ్ళాడు. అడుగులు చూసి లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు తిరిగాడు.

ఇంత చేసిన మనిషి చేతికి నేను ఒక్కసారి కూడా కాఫీ అందివ్వలేదు. మంచిమాట ఒక్కటి చెప్పలేదు. మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. అతని పేరు నేను ఎత్తకూడదు, నువ్వు తెలుసుకుని రాయి. ఈ మాట చెప్పకుండా నేను వెళ్ళిపోతానేమోనని భయంగా ఉంది. నోటితో చెప్పే దారి లేదు కాబట్టి నీ కాగితం మీదే చెప్తున్నాను.

అక్షరాలు వంకరపోతే కన్ను పాపం, నాది కాదు.
ఆల్టా

*

ఫ్లాగ్‌స్టాఫ్
డిసెంబరు 16

చిన్నమ్మా,

నీళ్ళాయన గురించి నువ్వు రాసింది చదివి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఒక్క మాట మార్చలేదు. మిగతా ఇద్దరికంటే ఎక్కువగా, ఒక పేజీ నిండా ఇచ్చాను. ఇవాళే అచ్చుకి వెళ్ళింది. ఆ ఇంట్లోవాళ్ళు చదివితే వాళ్ళ కడుపు నిండిపోతుంది.

అల్లుణ్ణి చూస్తే కళ్ళు పోతాయన్న మాటకి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. నా మొగుడూ అమ్మా రోజూ ఎదురెదురుగా కూర్చుని పేకాడతారు, ఇద్దరి కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. ఈ కాలంలో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారులే.

పేజీ చూసి నువ్వు మెచ్చుకోవాలని కాచుకున్న
లొరిండా

*

రెల్లుచెలమ
జనవరి 20, 1998

లొరిండా,

పుస్తకం అందింది. వెర్నీస్ చదివి వినిపించింది. బస్సావిడ దగ్గర నవ్వాం, ఆసుపత్రి ఆయన దగ్గర ఏడ్చాం. మూడో పేజీకి వచ్చేసరికి వెర్నీస్ చదవడం ఆపేసింది. ఏమైందే అంటే, పైనున్న పేరు చూపించింది.

బిడ్డా, ఆ నీళ్ళు పోసింది పోయినాయన కాదు, నా అల్లుడు. వెర్నీస్ మొగుడు. బతికే ఉన్నాడు, గుట్ట అవతలే ఉన్నాడు, కిందటి ఆదివారం కూడా పీపాలు నింపి వెళ్ళాడు.

ఎవరు పాటిస్తున్నారని అడిగావు కదా, మేం పాటిస్తున్నాం. అత్త అల్లుడి మొహం చూడదు, అల్లుడు అత్త మొహం చూడడు, మాట్లాడుకోరు. అందులో కోపం లేదు, అది మేం ఒకరికొకరం ఇచ్చుకునే మర్యాద. అతని బండి గుట్ట దిగుతూ హారన్ కొడితే నేను లోపలికి పోతాను. వెళ్తూ కొడితే బయటికి వస్తాను. పదకొండేళ్ళుగా మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఆ హారన్లే. పోయినవాళ్ళ పేరు ఎత్తను, అల్లుడి పేరు ఎత్తను. నువ్వు రెండూ ఒకటే అనుకున్నావు. నేను విడమరిచి రాయలేదు, తప్పు సగం నాది కూడా. నీళ్ళ ట్యాంకరాయన గురించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. పశువులు దాటకుండా వేసిన కమ్మీల దగ్గరే బండి ఆపి, నీళ్ళు కావాలంటే బకెట్లు పట్టుకు రమ్మని కేకలేసేవాడు. పోయినాయన గురించి చెడు చెప్పకూడదని ఊరుకున్నాను.

అసలు కష్టం ఇప్పుడు విను. మొన్న ఆయన కూతురు జెర్లీన్ వచ్చింది. గొర్రె తొడ ఒకటి, రొట్టెలు తెచ్చింది. మన పేజీని మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. "మా నాన్న ఇంట్లో నోరు విప్పితే తిట్టడానికే విప్పేవాడు పెద్దమ్మా. బయట ఇంత మంచి చేశాడని మాకెవరూ చెప్పలేదు. నాకిప్పుడు ఆయన మీద కోపం పోయింది" అంది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనేం చెప్పను? మాంసం వండుకుని తిన్నాను గానీ గొంతు దిగలేదు. నిజం చెప్తే ఆ పిల్లకి తండ్రి మళ్ళీ పోయినట్టవుతుంది. చెప్పకపోతే, నా జీవితంలో నేను చెప్పాలనుకున్న ఒకే ఒక్క మాట వేరే మనిషికి పోయినట్టవుతుంది.

దారి తెలియక కూర్చున్న
చిన్నమ్మ

*

ఫ్లాగ్‌స్టాఫ్
జనవరి 28

చిన్నమ్మా,

తల కొట్టేసినట్టయింది. నీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. నీ ముసలమ్మల వేళాకోళం చదివి కూడా నాకు బుర్ర వెలగలేదు. నవ్వి, పైగా వెక్కిరించాను కూడా. పట్నంలో పెరిగి నేను పోగొట్టుకున్నది ఎంతో ఇప్పుడు తెలిసింది.

సవరణ కాగితం ఒకటి అచ్చు వేసి అందరికీ పంపిస్తాను, ఖర్చు నాది. లేదంటే వసంతంలో బతికున్నవాళ్ళ గురించి ఇంకో పేజీ వేసి, అందులో నీ అల్లుడు థర్మన్ పేరు పెద్ద అక్షరాలతో పెడతాను. జెర్లీన్‌కి నేనే వచ్చి చెప్తాను. నువ్వు ఏదంటే అది.

సిగ్గుతో
లొరిండా

*

రెల్లుచెలమ
ఫిబ్రవరి 9

నా బిడ్డా,

సవరణ వద్దు. పెద్ద అక్షరాలూ వద్దు. కాగితం మీద పేరు పడిందంటే మా అల్లుడు నెల రోజులు కొట్టు వైపు రాడు, అంత సిగ్గరి.

వెర్నీస్ ఆ పేజీని అతనికి చూపించింది. రెండుసార్లు చదివాడట. పిండి సంచి గుడ్డ, రాయి, మంచులో పద్నాలుగు సార్లు, అన్నీ తనవేనని తెలిసిపోయింది. కోపమొస్తుందేమోనని వెర్నీస్ భయపడింది. అతను అన్నది వెర్నీస్ నాకు అలాగే అప్పజెప్పింది: "ఉండనీ, ఆయన పేరు మీదే ఉండనీ. నాకు వారమంతా రోడ్డు పని, ఆదివారమే తీరిక. ఆదివారం సంఘం ఆఫీసుకి సెలవు, అక్కడి నీళ్ళ కొళాయికి తాళం. తను పోయేదాకా ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచొచ్చి ఆ తాళం తీసింది ఆయనే. తిట్టుకుంటూ తీసేవాడు, కానీ ఒక్క వారం కూడా మానలేదు. ఆయన తీయకపోతే నేనేం పోసేవాణ్ణి?"

చూశావా, డెబ్బై ఏళ్ళు ఇక్కడే ఉండి నాకు తెలియనిది. ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని నీకు రాసినందుకు నా మొహం నాకే చెల్లలేదు. మర్నాడే జెర్లీన్ ఇంటికి నడిచి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, బకెట్ల సంగతి, అల్లుడి సంగతి, తాళం సంగతి. ఆ పిల్ల ముందు తెల్లబోయింది. తాళం సంగతి వినగానే నవ్వింది. "తిట్టుకుంటూ తీసేవాడా? అయితే మా నాన్నే పెద్దమ్మా. ఆ పేజీలో మనిషి ఎవరో కొత్తగా ఉన్నాడు, ఈయన మాత్రం మా నాన్నే" అంది. మళ్ళీ మాంసం పెట్టింది. ఈసారి గొంతు దిగింది, రెండుసార్లు వడ్డించుకున్నాను.

నీ తప్పు లేకపోతే ఈ తాళం సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అందుకని నీకు కూడా నా దండాలు. కానీ ఒకటి మిగిలిపోయింది. నా అల్లుడు నా మాటని వేరే మనిషి పేరు కింద చదువుకున్నాడు. అతనికంటూ నేను చెప్పింది ఇంకా ఏమీ లేదు.

ఫిబ్రవరి ఇరవయ్యారున కన్ను కోస్తారు. పెద్దాసుపత్రి దాకా బండి నడిపేది అతనొక్కడే. బండిలో మధ్యన దుప్పటి కడతామని వెర్నీస్ అంటోంది. చూడాలి ఎలా వెళ్తామో.

ధైర్యంగానే ఉన్న
ఆల్టా

*

రెల్లుచెలమ
మార్చి 2

లొరిండా,

నేను చెప్తుంటే వెర్నీస్ రాస్తోంది. కంటికి కట్టు ఉంది, పదిహేను రోజులు రాయకూడదు, వంగకూడదట.

ప్రయాణం బాగా జరిగింది. దుప్పటికి ఇటు నేనూ వెర్నీసూ, అటు అతను. నూట ఇరవై మైళ్ళు ఎవరూ తుమ్మలేదు కూడా. ఆసుపత్రిలో నర్సమ్మ "మీ అమ్మగారి చెయ్యి పట్టుకోండి బాబూ" అనేసరికి అతను డబ్బులేస్తే కూల్‌డ్రింకులిచ్చే పెద్ద పెట్టె వెనక్కి పోయి దాక్కున్నాడట. పాపం, ఆ అమ్మాయి ఇంకా వెతుకుతూ ఉండొచ్చు.

లొరిండా, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. నా ఇంట్లో నీళ్ళు పోసిన మనిషి మంచివాడు. అతను నా కూతురికి మొగుడై వచ్చిన రోజు, వీడు నిలబడతాడా అని నేను మా ఆయనతో అన్నాను. అలా అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నేను తాగిన ప్రతి చుక్కా అతను తెచ్చిందే. నా గొర్రెలు బతికింది వాటితోనే, మా ఆయనకి ఆఖరి స్నానం చేయించింది వాటితోనే. నా కడుపున కొడుకు పుట్టలేదని నేను ఏ రోజూ బాధపడక్కర్లేకుండా చేశాడు. కళ్ళు వచ్చినా నేను అతన్ని చూడను, అది మా మర్యాద. కానీ నేను సంతోషంగా ఉన్నాననీ, అది అతని వల్లేననీ నీకు చెప్తున్నాను లొరిండా. నీకే చెప్తున్నాను. అంతే.

ఆల్టా

అక్కా, ఇది వెర్నీస్. నేను అమ్మకి జానెడు దూరంలో కూర్చున్నాను. అయినా "జాగ్రత్తగా విను" దగ్గర్నుంచి కేకలు పెట్టి చెప్తోంది. థర్మన్ బయట కట్టెలు కొడుతున్నాడు. అమ్మ మొదటి మాటకే గొడ్డలి చప్పుడు ఆగిపోయింది, ఇంకా మొదలవలేదు. ఇప్పుడు అమ్మ "అంతా రాశావా?" అని అడిగింది. రాశానన్నాను.

"అయితే ఇంకోసారి చదువు, గట్టిగా" అంది.